చేతి గడియారము చెప్పిన సాక్ష్యము

మన యిండ్లలో పొలమునకు పట్టా యుండును, ఇంటికి దస్తావేజుండును, బంగారమునకు తూకపు చీటీ యుండును. పెద్దల నుండి వచ్చిన చిన్న వస్తువులకు మాత్రము ఏ కాగితమును ఉండదు. తాతగారి చేతికఱ్ఱ, అవ్వగారి కుంకుమభరిణ, తండ్రిగారి కండ్లజోడు నోటిమాట మీదనే ఒక తరము నుండి మఱియొక తరమునకు వచ్చుచుండును. చెప్పువారున్నంత కాలము ఆ నోటిమాట చాలును. వారు దాటిపోయిన పిమ్మట ఒకే వస్తువునకు రెండు కథలు పుట్టును. ఆ రెండు కథల నడుమ రెండు కుటుంబములు ఎడమొగము పెడమొగముగా నుండును. ముప్పదియెనిమిది సంవత్సరములు గుమాస్తాగా కాగితముల నడుమ కాలము గడిపినవాడనైనను, కాగితము లేని వస్తువునకు సాక్ష్యమెట్లు సంపాదింపవలెనో నాకు ఉద్యోగము నేర్పలేదు. మా తండ్రిగారి చేతి గడియారము నేర్పినది. ఆ సంగతి మన సంఘమువారి సంచికలో ఉండుట తగునని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది సంగనకల్లు; బళ్ళారికి ఆరేడు కిలోమీటర్ల దూరమున నున్న పల్లె. మా తాతగారికి ఇరువురు కుమారులు. పెద్దవారైన మా పెద్దనాయనగారు ఆదోనిలో ప్రత్తి జిన్నింగు మిల్లున పని కుదిరి అక్కడనే స్థిరపడిరి. రెండవవారైన మా తండ్రిగారు బళ్ళారిలో ఒక కచ్చేరిలో గుమాస్తాగా నుండి, సంగనకల్లు నుండియే సైకిలుపై పోయి వచ్చుచుండిరి. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినది. పాత బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు పోయినవి. బళ్ళారి తాలూకా ఎవరిదను వివాదమును విచారించుటకు జస్టిస్ మిశ్రాగారిని నియమించిరి. వారి నివేదిక ననుసరించి అది మైసూరు రాష్ట్రమున చేరినది. మా పెద్దనాయనగారును మా తండ్రిగారును ఉన్నచోటు నుండి ఒక్క అడుగైనను కదలలేదు. కాని ఒక్క రాత్రిలో అన్న ఒక రాష్ట్రమువాడును, తమ్ముడు మఱియొక రాష్ట్రమువాడును ఐరి.

మా తండ్రిగారు 1994లో కాలధర్మము నొందిరి. మా తల్లిగారు 2018లో వెళ్ళిపోయిన తరువాత, ఆమె ఇనుప పెట్టెను సర్దుచుండగా ఒక పౌడరు డబ్బాలో, పాత గుడ్డలో చుట్టిన చేతి గడియారము కనబడినది. నా చిన్నతనమున అది మా తండ్రిగారి మణికట్టుపై నుండుట నేనెఱుగుదును. 1961లో బెంగుళూరున హెచ్.ఎం.టి. వారు జపాను దేశపు సిటిజన్ కంపెనీ సహకారముతో గడియారముల కార్ఖానా స్థాపించిరి. కొన్నేండ్లకు మన వంటి ఉద్యోగస్థుల చేతులన్నియు ‘జనత’ గడియారములతో నిండినవి. మా తండ్రిగారును 1978లో ఒక ‘జనత’ కొనిరి. పాతది డబ్బాలోనికి పోయినది. ఆ హెచ్.ఎం.టి. గడియారముల కంపెనీని మూసివేయుటకు 2016లో కేంద్రప్రభుత్వము నిర్ణయించినది. దానికంటె ముందు పుట్టిన పాత గడియారము మాత్రము పౌడరు వాసనతో పెట్టెలో భద్రముగ నుండినది.

అది ఎవరిది? ఆదోనివారి కథ యొకటి. మా తాతగారు మొదటి ప్రపంచ యుద్ధకాలమున సిపాయిల వెంట బస్రా వఱకు పోయి వచ్చిన మాట నిజము. అక్కడ ఒక దొర ఆయన సేవకు మెచ్చి ఇచ్చిన గడియారమే ఇది యని వారి కథ. అట్లయిన తాతగారి వస్తువు పెద్దకుమారుని యింట నుండవలెను గదా. చిన్నవాని యింటికి ఎట్లు వచ్చెనని వారి మనసులో ఒక ములుకు. పెద్దనాయనగారి కుమారుడు, నాకు అన్నగారు, ఇప్పుడు ఎనుబది యేండ్ల వృద్ధు. ఒక పెండ్లి పందిట పదిమందిలో ఆయన నాతో, “తాత గడియారం మా యింట్లో ఉండల్ల. భాగాల్లో మాకు రావలసింది” అనెను. కేకలు లేవు, తగవు లేదు. కాని ఆ తరువాత మా యింటి శుభకార్యములకు ఆదోని నుండి పత్రిక అందినదను మాట వచ్చుచుండెను గాని మనుష్యులు వచ్చుట లేదు.

మా తల్లిగారి కథ వేఱు. ఆమె బ్రతికియున్న దినములలో ఎప్పుడడిగినను, “మీ నాయన దుడ్డు పెట్టి కొన్నదే. ఎవరూ ఊరికే ఇయ్యలేదు” అని అంతటితో నిలిపివేయుచుండెను. ఎవరి యొద్ద కొనిరని యడిగిన “నాకేం తెలుసు” అని పొయ్యి వైపు తిరిగెడిది.

ఈ రెండు కథలలో ఏది నిజమో గడియారమునే అడుగవలెనని నిశ్చయించుకొంటిని. కౌల్ బజారులో ఒక ముదుసలి పనివాడు గలడు. ఆయన తండ్రియు తాతయు ఈ పనియే చేసిరట. వేలెడంత గాజుపెట్టె బల్ల, కంటికి బిగించుకొను అద్దము, రెండు పట్టకార్లు: ఇదియే ఆయన యాస్తి. నేను గడియారమును ఆయన చేతబెట్టి, “ముందు నడిపించవద్దు. ముందు ఇది ఏమిటో చెప్పుము” అంటిని. ఆయన నవ్వి, “సార్, అందరూ ఎప్పుడిస్తావు అని అడుగుతారు. ఇది ఏమిటి అని అడిగింది మీరే” అనెను.

డయలు మీద ‘వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ’ అనియు, దాని క్రింద ‘సవార్ ప్రైమా’ అనియు, అడుగున ‘స్విస్ మేడ్’ అనియు అక్షరములు సగము చెదరి యుండినవి. వెస్ట్ ఎండ్ అను పేరు లండను నగరమును తలపించినను ఆ గడియారములు స్విట్జర్లాండు దేశపువి. అచ్చటి సెయింట్ ఇమియె పట్టణపు వర్తకులు 1886లో మన దేశపు విపణి కొఱకే ఆ పేరు పెట్టి, బొంబాయి, కలకత్తా నగరములలో దుకాణములు తెఱచిరి. సవార్ అనగా గుఱ్ఱపురౌతు. మొదటి యుద్ధకాలమున మెసపొటేమియాకు పోయిన మన సిపాయిల చేతులపై ఈ కంపెనీ గడియారములు విస్తారముగ నుండెడివి. బస్రా ఉన్నది ఆ మెసపొటేమియాలోనే. ఇంతవఱకు వినునప్పటికి ఆదోనివారి కథకు బలము చేకూరినట్లే తోచినది.

కాని పేరు ఒక సాక్షి మాత్రమే. ఆ పనివాడు గడియారమును వెల్లకిల త్రిప్పి రెండవ సాక్షిని పిలిచెను. మొదటి యుద్ధము నాటి చేతి గడియారములు అనేకము చిన్న జేబు గడియారములకు ఇరువైపుల తీగె కొక్కెములు అతికి, తోలుపట్టీ తగిలించినట్టివి. దీనికి తీగె కొక్కెములు లేవు. డొక్కుతో కలిపి పోతపోసిన కొమ్ములున్నవి. వెనుక మూతపై ‘స్టెయిన్‌లెస్ స్టీల్’ అని చెక్కియున్నది. త్రుప్పు పట్టని ఈ యుక్కు 1913 ప్రాంతమున గాని పుట్టలేదు; గడియారపు డొక్కులకు అది వాడుకలోనికి వచ్చుటకు మఱి యిరువదేండ్లు పట్టినది.

మూత విప్పగనే మూడవ సాక్షి కనబడినది. గడియారము గుండెవలె కొట్టుకొను చక్రమును బ్యాలెన్సు చక్రమందురు. అది గంటకు 18,000 మార్లు, అనగా దినమునకు 4,32,000 మార్లు టిక్కుమనవలెను. దాని యిరుసు వెండ్రుకవలె సన్నముగ నుండును. చేయి గోడకు తగిలిన చాలును, అది విఱుగును. ఈ యాపదను తప్పించుటకు ఇరుసు మొనను మోయు కెంపురాతిపై చిన్న వీణ యాకారము గల స్ప్రింగు నమర్చు విధానమును స్విట్జర్లాండులో కనిపెట్టిరి. దానికి ‘ఇంకాబ్లాక్’ అని పేరు. దెబ్బ తగిలినప్పుడు ఆ రాయి కొంచెము కదలి, మరల తన చోటికి వచ్చును. 1934లో దీనిని మొట్టమొదట వాడినవారు ఈ వెస్ట్ ఎండ్ కంపెనీవారే. మా గడియారములో ఆ చిన్నవీణ చక్కగ కనబడుచున్నది. పనివాడు తన కంటి అద్దమును నాకిచ్చి చూడుమనెను. నేను నా కంటితో చూచితిని.

ఇక తర్క మెంత? మా తాతగారు యుద్ధము నుండి తిరిగి వచ్చినది 1919లో. ఆయన చనిపోయినది 1931లో. 1934కు పూర్వము లేని వస్తువు ఆయన చేతికి వచ్చుట యసంభవము. బస్రా దొర కథ అంతటితో తీరినది. కాని ఒక కథ అబద్ధమైనంత మాత్రమున రెండవ కథ నిజమగునని కచ్చేరిలో ఎవ్వరును ఒప్పుకొనరు. దానికిని వేఱు సాక్ష్యము కావలెను.

ఆ సాక్ష్యము మూత లోపలి వైపున నుండినది. గడియారములు బాగుచేయువారికి ఒక అలవాటు కలదు. పని ముగిసిన తరువాత మూత లోపల సూదిమొనతో తేదీని గాని తమ గుర్తును గాని గీయుదురు. మరల అదే గడియారము వచ్చినప్పుడు తాము ఎప్పుడు చూచినది తెలియుటకు ఇది చేయుదురు. యజమానికి ఈ వ్రాత కనబడదు, కనబడినను గీతలనుకొనును. మా గడియారపు మూతలో నాలుగు వ్రాతలుండినవి. ఒకటి 11-47. రెండవది 9-53. మూడవది 62. నాల్గవది ఉర్దూ అక్షరమొకటి, క్రింద అంకెలు అరిగిపోయినవి. అనగా 1947 నాటికే ఇది ఒకరి చేతిపై నుండి, బాగుచేయుటకు పోయినదన్నమాట. అప్పటికి మా తండ్రిగారికి ఉద్యోగమే లేదు. తరువాత 1953 సెప్టెంబరులో మఱియొకరి చేయి దీనిని విప్పినది. పాత గడియారము చేతులు మాఱినప్పుడు కొన్నవాడు మొదట చేయించు పని నూనె వేయించుటయే గదా.

తేదీ దొఱకిన పిమ్మట గుమాస్తాకు పని సులువు. మా తండ్రిగారు ప్రతి ఉగాదికి ఒక క్రొత్త జమాఖర్చు పుస్తకము ప్రారంభించెడివారు. అవి అన్నియు అటకపై మూటగట్టి యుండినవి; కొన్నిటిని చెదలు తినినను 1953వ సంవత్సరపుది చెడలేదు. ఆగష్టు నెల పుటలో మా తండ్రిగారి గుండ్రని తెలుగు అక్షరములతో నున్న పద్దు ఇది: అన్న యొద్ద వాచీ 40 రూపాయలకు తీసికొన్నది, నెలకు 10 చొప్పున. ఆ క్రిందనే, అన్నకు వాచీ బాపతు రూ. 10-0-0. సెప్టెంబరులో మరల పది. దాని ప్రక్కన వాచీకి ఆయిలింగు రూ. 1-8-0. అక్టోబరులో మరల పది. నవంబరులో మాత్రము పద్దు వేఱుగ నున్నది: అన్నకు కడపటి 10 ఇయ్యబోగా తీసుకోలేదు, బాకీ ఉంచడమైనది.

కావున గడియారము మా పెద్దనాయనగారిదే. తాతగారిది కాదు, దొర యిచ్చినది కాదు. ఆయన కొనుక్కొని, కొన్నేండ్లు పెట్టుకొని, తమ్మునికి అమ్మినది. మా తల్లిగారు చెప్పిన మాటయు నిజమే. ఎవరి యొద్ద కొనినది ఆమె ఏల చెప్పలేదో ఇప్పుడు తెలిసినది. బావగారు చేతి గడియారము విప్పి అమ్ముకొనెనని కోడలు నోట రాకూడదు.

తరువాతి పుస్తకములు కూడ తిరుగవేసితిని. ప్రతి ఉగాదికి మొదటి పుటలో పాత బాకీలు దించు వరుసలో, అన్నకు వాచీ బాకీ 10 అని యున్నది. 1957 ఏప్రిలులో అణాలు పోయి నయాపైసలు వచ్చినప్పుడు 10-0-0 అనునది 10.00 ఐనది. మా పెద్దనాయనగారు 1971లో స్వర్గస్థులైరి. ఐనను 1972 పుస్తకములో ఆ బాకీ యున్నది. మా తండ్రిగారి ఆఖరి పుస్తకము, 1993వ సంవత్సరపుది, అందులోను ఉన్నది. నలుబది యేండ్లు పది రూపాయల బాకీని ప్రతి ఉగాదికి దింపుకొని వచ్చిన మనిషికి ఆ పది ఇచ్చివేయుటకు చేతకాక పోలేదు. రాష్ట్రములు వేఱైన అన్నతో లెక్క తెగిపోరాదని ఉంచుకొనెనని నేననుకొందును.

ఇక గడియారపు వైద్యము. చాల కాలము ఆగియున్న గడియారమునకు బలవంతముగ కీ ఇయ్యరాదు. లోపలి నూనె ఎండి జిగురై యుండును; ఆ స్థితిలో చక్రములు తిరిగిన ఇరుసులు అరిగిపోవును. మా దానిలో ఎవరో పూర్వము వంటింటి నూనె వేసినట్లు పనివాడు చెప్పెను. ఆయన దానిని పూర్తిగ విడదీసి, ఒక్కొక్క భాగమును కడిగి, ఇరుసులు తిరుగు కెంపురంధ్రములను సన్నని పుల్లతో శుభ్రము చేసెను. పదునేడు కెంపులలో ఒక్కటియు పగులలేదు. ముఖ్యమైన స్ప్రింగు అలసిపోయి, విప్పగనే చచ్చిన వానపామువలె పడియున్నది. దానిని మార్చవలసి వచ్చినది. బ్యాలెన్సు చక్రము క్రింద డాలు ఆకారములో ‘ఏ.ఎస్.’ అను ముద్రయు, నాలుగంకెల సంఖ్యయు కలవు. అది స్విట్జర్లాండులోని గ్రెంచెన్ పట్టణపు ఏ. షిల్డ్ కార్ఖానా ముద్ర. ఆ కార్ఖానావారు లోపలి యంత్రమును చేసి అనేక కంపెనీలకు అమ్మెడివారు. అందుచేత డయలుపై పేరేదైనను, ముద్రయు సంఖ్యయు కలిసిన చాలును, మఱియొక పాడైన గడియారములోని భాగము దీనికి సరిపోవును. మన పేర్లు వేఱైనను లోపలి యంత్ర మొకటియే యని అప్పుడు తలచుకొని నవ్వుకొంటిని.

ముండ్లపైనను అంకెలపైనను పసుపుపచ్చని ముద్దవంటి పూత యుండినది. పూర్వము చీకటిలో వెలుగుటకు రేడియము కలిపిన పూత పూసెడివారు. ఇప్పుడది వెలుగదు గనుక నిర్జీవమని తలపరాదు. వెలుగునిచ్చు పొడి మాత్రమే చచ్చినది. రేడియము సగము తఱుగుటకు 1,600 సంవత్సరములు పట్టును. కావున పాత గడియారపు అద్దము తీసి ఆ పూతను గోటితో గీకుట, నోటితో ఊదుట చేయరాదు. పిల్లల చేతికి విప్పి ఇయ్యరాదు. ఈ సంగతి తెలిసిన పనివాడు ముక్కుకు గుడ్డ కట్టుకొని ఆ ముండ్లను చిన్న డబ్బీలో విడిగ నుంచెను.

అన్నియు ముగిసిన తరువాత ఆయన ఒక ప్రశ్న వేసెను. “డయలు పాడయింది సార్. బొంబాయికి పంపితే కొత్త రంగు వేసి, పేరు మళ్ళీ అచ్చు కొట్టి ఇస్తారు. ఎనిమిది వందలు. దగదగ మెరుస్తుంది.” నా కుమారుడు బెంగుళూరు నుండి ఫోనులో అదే చేయింపుమనెను. పెండ్లికి పెట్టుకొనవలెనన్న మెఱుగు లేనిది ఎట్లని వాని వాదము. వాని మాట తప్పని అనను. వస్తువు వాడుకకు గదా. కాని నాకు మా యూరి గుట్ట జ్ఞప్తికి వచ్చినది.

సంగనకల్లు గుట్టలపై వేల యేండ్ల నాటి రాతి గొడ్డండ్లు దొఱకునని మన కందఱకు తెలియును. 1872లో విలియం ఫ్రేజరు అను ఇంజనీరు వానిని గుర్తించెను. రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొర వానిని పరిశీలించి ప్రపంచమునకు తెలియజేసెను. ఆయన సేకరించిన రాళ్ళు 1904లో మద్రాసు మ్యూజియమునకు చేరినవి. 1948లో బి. సుబ్బారావుగారు ఇక్కడ త్రవ్వించిరి. ఇచ్చట దొఱకినవానిలో నునుపుగ తీర్చిన గొడ్డండ్లకంటె, సగము చెక్కి విడిచినవియు, విఱిగినవియు, కుప్పలుగ పడిన చెక్కుపెళ్ళలును పండితులకు ఎక్కువ చెప్పినవి. ఇది గొడ్డండ్లు వాడిన చోటు మాత్రమే కాదు, చేసిన కార్ఖానా యని వారికి తెలియజేసినవి ఆ పనికిరాని రాళ్ళే. ఎవడైనను భక్తితో ఆ విఱుగుళ్ళను అరగదీసి నిగనిగలాడించి యుండిన, అందముగ నుండెడివి. ఒక్క మాట చెప్పెడివి కావు.

అందుచేత పనివానితో, “డయలు ముట్టవద్దు. సాక్షులు ఇంకను మిగిలియున్నారు” అంటిని. ఆయన అద్దము మాత్రము క్రొత్తది వేసి, కీ బొత్తాము మార్చి, మూత లోపల పాత నాలుగు గుర్తుల క్రింద తన గుర్తును తేదీతో గీసి ఇచ్చెను. కూలి రెండువేల మూడువందలు తీసికొనెను.

ఆ వారమే ఆలూరు మీదుగ ఆదోనికి బస్సెక్కితిని. సంచిలో గడియారపు డబ్బా యొకటి, 1953వ సంవత్సరపు పుస్తకమొకటి. వదినగారు మంచినీళ్ళిచ్చిరి. అన్నగారు కుర్చీలో కూర్చుండి, నేను డబ్బా మూత తీయకమునుపే, “నాలుగు అంకె కింద మచ్చ ఉండాదా?” అని అడిగెను. ఉన్నది, వంకాయ గింజంత గోధుమరంగు మచ్చ. “అది నేను చేసిందే రా. ఎనిమిదేండ్లప్పుడు నాయన స్నానానికి పోతే ఎత్తుకొని నీళ్ళ కాగులో యేసినా. మునుగుతుందా తేలుతుందా అని” అని నవ్వెను. ఆయన డయలును చూచిన చూపు నేను మఱువను. గడియారము ఎవరిదో చెప్పగల జీవించియున్న సాక్షి ఈ భూమిపై ఆయన ఒక్కడే. ఆయన గుర్తుపట్టినది పేరును గాదు, మెఱుగును గాదు, ఆ మచ్చను. ఎనిమిదివందలు పోసి చెఱిపించి యుండిన ఆ మచ్చయే పోయెడిది.

పుస్తకమును చూపుటకు నాకు చేయి రాలేదు. తండ్రి అమ్ముకొనెనని కుమారునికి చెప్పుట ఎట్లు? చెప్పకున్న ములుకు పోదు. చివరకు పుట తెఱచి ముందుంచితిని. ఆయన కండ్లజోడు సవరించుకొని ఒక్కొక్క పంక్తి వ్రేలితో చదివెను. నవంబరు పద్దు వద్ద వ్రేలు నిలిచినది. చాలసేపటికి, “మా అక్క పెండ్లి ఆ యేడే” అనెను. మఱి కొంతసేపటికి, “తాత గడియారం, చిన్నాయన దగ్గర ఉంది అన్నాడు గానీ అమ్మినాననలేదు” అనెను. ఆ మాటలో కోపము లేదు. పెండ్లి ఖర్చుకు చేతి గడియారము విప్పిన తండ్రి, బిడ్డల యెదుట చిన్నబోకుండుటకు తాతగారి పేరు చెప్పెను. ఆ కథ ఎంత అబద్ధమో అంత గౌరవమైనది కూడ.

నేను పది రూపాయల నోటు తీసి ఆయన ముందుంచి, “నాయన పుస్తకములో బాకీ ఇది” అంటిని. ఆయన తల యడ్డముగ త్రిప్పెను. “మా నాయన తీసుకోనిది నేనెట్ల తీసుకుంటా? ఉండనీ. నువ్వూ రాసుకో.”

అది మొదలు ఒక ఏర్పాటు చేసికొంటిమి. ఉగాది నుండి దసరా వఱకు గడియారము ఆదోనిలో. దసరా నుండి ఉగాది వఱకు సంగనకల్లులో. మార్చుకొనుటకు ఎవరో ఒకరు సరిహద్దు దాటి రావలెను. వచ్చినవారు భోజనము చేసి పోవలెను. గడియారము దినమునకు ఒక నిమిషము ముందు నడచును. పగలు రాత్రి కలిసి 1,440 నిమిషములలో ఒక్కటి యన్నమాట. ఇంత వయసున ఇంత లెక్క తప్పని మనుష్యులు ఎందఱుందురు?

ఈ సంచిక చదువు సోదరసోదరీమణులకు నేను మనవి చేయునది రెండు మాటలు. మీ పెట్టెలలోని పాత వస్తువును బాగుచేయింపుడు. కాని బాగుచేయించుటకు ముందు దాని నడుగుడు. విప్పినప్పుడు లోపలి ముద్రలను, అంకెలను, గీతలను ఫోనుతో ఫోటో తీయింపుడు. నడువవలసిన యంత్రమును నడిపింపుడు. మాట్లాడుచున్న ముఖమును చెఱుపకుడు. మచ్చ ఎవరిదో తెలిసిన పెద్దవారు ఇంకను ఎక్కడనో కుర్చీలో కూర్చుండి యుందురు. వారు వెళ్ళిపోకముందే పోయి కూర్చుండి అడుగుడు.

రెండవది పుస్తకముల మాట. నేను ఆ నవంబరు పద్దును బెంగుళూరున నున్న నా మనుమరాలికి చూపితిని. దానికి బడిలో కన్నడము వచ్చును, తెలుగు చదువనేర్వలేదు. ఐనను రెండు లిపులును అక్కచెల్లెండ్రు గనుక కూడబలుకుకొని ‘అన్న’ అను మాటను చదివెను. అక్కడ ఆగి, తరువాతి మాట ఏమని నన్నడిగెను. ‘బాకీ’ అని చెప్పితిని. ఇప్పుడు ప్రతి ఆదివారము ఫోనులో తాతగారి జమాఖర్చు పుస్తకమే దానికి వాచకము. మొన్నటికి ‘ఆయిలింగు’ వఱకు వచ్చినది. పుస్తకములు ఇంకను నలుబది యున్నవి.